రాంగోపాల్‌పేట్‌లో ఒక షవర్

మెట్లు చూసి ఎక్కండి. రాంగోపాల్‌పేట్ సందుల్లో పాత ఇళ్ళ మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక్కో మెట్టుది ఒక్కో ఎత్తు. కింద బేరింగుల షాపు, షట్టర్ ఇంకా లేవలేదు. దాని మీద అద్దెకున్నవాళ్ళు. ఆ మీద మా చిన్నమ్మ. ఇంకా పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, దాని మీద ఆషాఢం మబ్బు. టైము ఆరున్నర. శనివారం. రేపు సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు. ఈ రాత్రికి సిద్దిపేట నుంచీ నల్లగొండ నుంచీ చుట్టాలు దిగుతారు, పొద్దున్నే అందరికీ తలస్నానాలు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం. అందులో షవర్ కారుతోంది.

చెప్పులు బయట విప్పి రండి. హాలు దాటితే ఎడమ పక్కన తలుపు. లైటు వెయ్యకుండా ఒక్క నిమిషం నిలబడండి. టప్. ఒక్క క్షణం ఏమీ లేదు. మళ్ళీ టప్. షవర్ కింద ఐదున్నరకు పెట్టిన లీటరు మగ్గు ఇప్పటికి అంచుదాకా వచ్చింది. గంటకు లీటరు, రోజుకు 24, నెలకు 720. జలమండలి 2021 జనవరి నుంచి నగరంలో ఇళ్ళకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది కాబట్టి డబ్బు లెక్కన ఈ చుక్క ఎవరినీ ముంచదు. భయం కింది అంతస్తులో ఉంది.

అది కూడా చూసొద్దాం. అద్దెకుండే అమ్మాయి తలుపు తీసి, పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి పరిగెత్తి, అక్కణ్ణుంచే "చూడున్రి సార్, చూడున్రి" అంటోంది. పడకగది సీలింగు, గోడ కలిసే మూలలో పెద్ద మచ్చ. మధ్యలో ముదురు గోధుమరంగు, అంచుల్లో లేత పసుపు, చివర తెల్లటి పొడి. వేలితో గీస్తే ఉప్పులా రాలుతుంది. గోడలో తిరిగిన నీళ్ళు సిమెంటులోని లవణాలను కరిగించి తెచ్చి, ఇక్కడ తాము ఆరిపోతూ వాటిని వదిలేస్తాయి. కాబట్టి ఇది నిన్నటి తడి కాదు, నెలల పని.

పోయిన వారం వచ్చి చూసిన ఒక మేస్త్రీ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. పైన షవర్ కారుతోంది, కింద గోడ తడుస్తోంది, కాబట్టి లోపల పైపు పగిలింది, టైల్స్ మొత్తం తీసెయ్యాలి, వారం పని. చిన్నమ్మ ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపేసింది. బోనాల ముందు ఇల్లు తవ్వుకునేంత వెర్రి ఆమెకు లేదు. నాకైతే ఆ తీర్పులో వేరే అనుమానం ఉంది. రెండు లక్షణాలు ఒకే గోడకు కనిపించినంత మాత్రాన రెండూ ఒకే రోగం కానక్కర్లేదు.

"ఈ మచ్చ ఎప్పుడూ ఇంతే ఉంటుందా?" అడుగుదాం.

"లేదు సార్. రాత్రిపూట జర ఆరినట్టే ఉంటది. పొద్దున తొమ్మిదింటికల్లా మళ్ళ ముదురుతది."

ఈ మాట గుర్తుంచుకోండి. టైల్స్ పగలగొట్టమన్న మనిషి ఆమెను ఇది అడగనే లేదు.

జేబులో పెన్సిలు ఉంది కదా, మచ్చ చుట్టూ సన్నగా గీత గీయండి. పక్కన తారీఖు, టైము. ఖర్చులేని మీటరు ఇది.

ఏడున్నరకు ప్లంబరన్న వచ్చాడు. సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకునే రెక్సిన్ సంచి, అందులోంచి తల బయట పెట్టిన పైపు రెంచి. బాత్రూంలోకి వెళ్ళి గోడ వైపు చూడకుండా చిన్నమ్మ వైపు తిరిగాడు.

"స్నానం అయినంక ఎంతసేపు కారుతదమ్మా?"

"ఎంతసేపేంది బిడ్డా, తెల్లారేదాంక కారుతది."

"నడుమల ఆగుతదా?"

"ఆగదు. నేను గట్టిగ తిప్పుత. అయినా ఆగదు."

స్నానం అయ్యాక షవర్ ఐదు పది నిమిషాలు చుక్కలు రాల్చడం జబ్బేమీ కాదు. కట్టేసిన తర్వాత కూడా తలలోనూ వంపు పైపులోనూ నీళ్ళు నిలిచి ఉంటాయి, సన్న రంధ్రాల్లో నీటికున్న పట్టు వల్ల ఒక్కసారి దిగవు. కదిపితే దిగిపోతాయి. తెల్లారేదాకా ఆగకపోతే మాత్రం లోపల ఏదో కాక్ పూర్తిగా మూసుకోవట్లేదు. షవర్ తల చేసే నేరం కాదది. దానికి నీళ్ళను ఆపే అంగమే లేదు. అయినా షవర్ కారుతోందని కొత్త తల కొని బిగించుకునేవాళ్ళు ప్రతి సందులోనూ ఉంటారు.

ఈ గోడకు రెండు పిడులున్నాయి. ఎడమది వేడి, కుడిది చన్నీళ్ళు. గోడలో దాగిన రెండు స్టాప్ కాక్‌లు. రెండూ లోపల ఒక టీ అతుకు దగ్గర కలిసి, ఒకే పైపుగా మీదికి పోయి, తలకన్నా ఎత్తులో షవర్ వంపుకు కలుస్తాయి. కారుతున్నది ఎడమదా కుడిదా? చుక్క కింద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

"వేలు నమ్మొద్దన్నా," అన్నాడు ప్లంబరు. "గంటకు లీటరు అంటే నీళ్ళు గోడలనే సల్లవడతయి. కాక్‌ను అడగాలె."

స్టూలు ఎక్కి గీజర్ కింద చన్నీళ్ళు లోపలికి పోయే యాంగిల్ కాక్ మూశాడు. గీజర్‌లోకి నీళ్ళు తోసేది లేకపోతే అందులోంచి వేడినీళ్ళు బయటికి రావు. ఇక చేసేది ఏమీ లేదు, చూడాలి అంతే. చిన్నమ్మ టీ పెట్టింది. టీ అయ్యేలోపు చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరిగింది. గ్లాసులు కడిగేసరికి ఆగిపోయింది. ఎడమ కాక్ దొరికింది. టైల్ ఒక్కటి కూడా కదలలేదు.

ఇప్పుడు మేడ మీదికి. లైను బంద్ చెయ్యకుండా కాక్ విప్పితే బాత్రూం చెరువే. ట్యాంకు అడుగున గేట్ వాల్వ్ పిడి పచ్చటి చిలుము పట్టి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వ్ ఇలాగే మొండికేస్తుంది, బలం పెడితే లోపలి కాడ తెగుతుంది. ప్లంబరన్న కొద్దిగా మూసే వైపు, కొద్దిగా తెరిచే వైపు, మళ్ళీ మూసే వైపు, అలా ఆడిస్తూ ఆడిస్తూ చివరికి బిగించాడు. దీన్ని మూడు నెలలకోసారైనా తిప్పి పెట్టుకోండమ్మా అని మెట్ల మీదికి వినిపించేలా అరిచాడు.

పైపులో మిగిలినవి కింద నల్లాలోంచి దిగేదాకా ఇక్కడ నిలబడదాం. ఈ ట్యాంకులో రెండు రకాల నీళ్ళు కలుస్తాయి. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళు, అవి చాలనప్పుడు బోరు నీళ్ళు. అటు నల్లగుట్ట అవతల, పిల్లవాడు పరిగెత్తి పోయేంత దూరంలో, 1560ల్లో తవ్విన హుస్సేన్‌సాగర్ ఉంది. దాని చుక్క ఒక్కటి ఈ ట్యాంకులోకి రాదు. నగరానికి నీళ్ళు మంజీర, సింగూరు, కృష్ణ, గోదావరి నుంచి రావాలి. ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి వస్తుంది. అంత దూరం వచ్చిన నీళ్ళు మా చిన్నమ్మ షవర్లోంచి ఊరికే పోతుంటే ఆమెకు కోపం రావడంలో వింతేముంది.

ఇక బోరు నీళ్ళు. నల్లరాతి పొరల్లోంచి వస్తాయి, కాల్షియం మోసుకొస్తాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోమంటుంది. మనిషి ఓర్చుకుంటాడు, కాక్ ఓర్చుకోదు. ఆ సున్నం ఎక్కడ ముందు పేరుకుంటుంది? నీళ్ళు వేడెక్కే చోట. ఎడమ కాక్ ముందు పోవడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం కిందకి దిగితే తెలుస్తుంది. పిడి మీది ఎర్ర బిళ్ళను స్క్రూడ్రైవర్ కొసతో ఎత్తాడు, లోపలి స్క్రూ తీశాడు, పిడి ఊడింది. గోడకు ఆనుకున్న గిన్నెలాంటి కవర్ చేత్తోనే తిరిగింది. వెనక ఇత్తడి స్పిండిల్, ఆరు పలకల నడుము. స్క్రూ పానా పట్టించే ముందు రెండు చుక్కల తుప్పునూనె వేసి, పక్కన టైల్ గీసుకుపోకుండా పాత గుడ్డ చుట్టాడు. మొదట కదల్లేదు. రెండోసారి ఒక చిన్న పటుక్. అక్కడి నుంచి వేళ్ళతోనే వచ్చేసింది.

చేతిలోకి తీసుకుని చూడండి. కొసన నల్ల రబ్బరు వాచర్ ఉండాలి. ఉంది, కానీ అది రబ్బరుగా లేదు. గోరు దిగట్లేదు. ఒక పక్క పగిలింది, నడుమ గుండ్రంగా లోతైన గాడి పడింది. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడ్డ వాచర్ కిందనున్న ఇత్తడి అంచుకు, అంటే సీటుకు, అతుక్కోదు, నీళ్ళు సందు చూసుకుంటాయి. కారుతోందని మనిషి ఇంకా గట్టిగా తిప్పుతాడు, గాడి ఇంకా దిగుతుంది. చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి ఇది వింటూ, నేను తిప్పబట్టే ఇన్ని రోజులు ఆగింది అంది. ఎవరూ వాదించలేదు.

ఈ మర తిప్పి నీళ్ళాపే ఏర్పాటు చాలా పాతది. ఇంగ్లండ్‌లోని రాథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి పోత కంపెనీ 1845లో దానికి పేటెంట్ తీసుకుంది. నిజాం సికిందర్ జా పేరు మీద మన సికింద్రాబాద్ 1806లో వెలిసింది, అంటే అప్పటికి దానికి నలభయ్యేళ్ళు కూడా నిండలేదు. కంటోన్మెంటు కొళాయిలు పోయాయి, కంటోన్మెంటు దొరలు పోయారు. మర, కాడ, వాచర్, సీటు మాత్రం అలాగే ఉన్నాయి.

ప్లంబరన్న చిటికెన వేలు గోడ రంధ్రంలోకి పోనిచ్చి సీటు అంచు చుట్టూ తిప్పాడు. ఎక్కడైనా నొక్కు తగిలితే దాన్ని ప్రత్యేకమైన కట్టర్‌తో చదును చెయ్యాలి, లేకపోతే కొత్త వాచర్ కూడా నెలరోజుల్లో కోసుకుపోతుంది. "సీటు మంచిగున్నది," అన్నాడు. కానీ స్పిండిల్ మరలే అరిగిపోయాయి, వదులు బోల్టులా ఊగుతోంది. వాచర్ ఒక్కటీ మారిస్తే టీ ఖర్చు, స్పిండిల్ మారిస్తే కొంచెం ఎక్కువ. చుట్టాలొచ్చే రోజు చవక చూసుకోకూడదు.

"రాణిగంజ్ పోయొద్దాం. పాతది చేతుల పట్టుకో అన్నా. ఫోటో వద్దు."

రాంగోపాల్‌పేట్‌లో ఉండే సుఖం ఇదే. మిగతా ఊళ్ళో స్పిండిల్ దొరక్క మొత్తం సెట్టు మార్చుకుంటారు, ఇక్కడ పదినిమిషాలు నడిస్తే నగరానికి సామాను పంచే బజారు. దారిలో ఎం.జి. రోడ్డు మీద పాత పోలీస్ స్టేషన్ భవనం, దాని గడియారపు బురుజు. 1900 ప్రాంతంలో దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ కట్టించి ఇచ్చింది, ఈ పేటకు పేరు కూడా ఆయనదే. అప్పట్లో ఈ రోడ్డు జేమ్స్ స్ట్రీట్. ఇప్పుడు ఆ పేరు పెట్టుకుని ఒక ఎం.ఎం.టి.ఎస్. స్టేషన్ ఉంది. అవతలి ఆర్.పి. రోడ్డు ఒకప్పుడు కింగ్స్‌వే. రేపు ఈ దారులన్నీ ఉజ్జయిని మహంకాళి గుడి వైపే నడుస్తాయి, అందుకే పొద్దున్నే బారికేడ్లు దించుతున్నారు. పక్కకి జరగండి, వేపమండల ఆటో.

రాణిగంజ్‌లో ఒక వరుస మోటార్లు, పంపులు. ఇంకో వరుస బెల్టులు, బేరింగులు. మలుపు తిరిగితే పైపులు, ఆపైన శానిటరీ. మనం వచ్చిన షాపు రెండు మంచాలు పట్టేంత ఉంటుంది, గోడంతా చెక్క అరలు, ప్రతి అర ముఖాన ఒక పీసు తీగతో కట్టి ఉంది. సేటు పాత స్పిండిల్ తీసుకుని మాట్లాడకుండా కొసన పళ్ళు లెక్కపెట్టాడు. పిడి ఎక్కాలంటే ఆ పళ్ళు సరిపోవాలి. తర్వాత మర మీద గోరు పెట్టి గీశాడు. తర్వాత పాతదాన్నీ కొత్తదాన్నీ గాజు కౌంటర్ మీద పక్కపక్కన నిలబెట్టాడు. పొడవులో వెంట్రుకవాసి తేడా. దాన్ని అరలో పడేసి ఇంకోటి తీశాడు. ఇది సరిపోయింది. ఫోటో వద్దన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

"క్వార్టర్ టర్న్ లేలో భయ్యా," అన్నాడు సేటు, తెలుగులోకి మారి, "పావు తిప్పితే బంద్. లోపల సిరామిక్. వాచర్ లొల్లే లేదు."

మంచి సరుకే. రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారి రంధ్రం మూస్తాయి, అద్దం కన్నా నున్నగా ఉంటాయి, గట్టిగా తిప్పాల్సిన పనే ఉండదు. కానీ మా ట్యాంకు అడుగున ఇసుక ఉంది. ఒక్క రేణువు మధ్యలో ఇరుక్కుంటే ఆ బిళ్ళల మధ్య నీళ్ళు కారతాయి, అప్పుడు లోపలి గుండు మొత్తం మార్చాలి, సరిగ్గా అదే కొలతది దొరకాలి. రబ్బరు వాచర్ అయితే చిన్నమ్మ కూడా మార్చగలదు. ప్లంబరన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పాత రకమే అడిగాం. సేటు మాతో వాదించలేదు, నాలుగు వాచర్లు అదనంగా కాగితంలో చుట్టాడు. టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, నాలుగు సూత్ డమ్మీ ఒకటి, చిన్న సిలికాన్ ట్యూబు. రేపు ఆదివారం, పైగా బోనాలు. ఇక్కడ సూది కూడా దొరకదు. మరచిపోయినవేమైనా ఉంటే ఇప్పుడే గుర్తు తెచ్చుకోవాలి.

డమ్మీ ఎందుకు అని నేనూ అడిగాను. "కింది మచ్చ కోసం," అన్నాడు.

ఇంటికొచ్చాక ఎడమ కాక్ పని చిటికెలో అయింది. రంధ్రంలోని సున్నపు పెచ్చుల్ని పాత టూత్‌బ్రష్‌తో గోకి, గేట్ వాల్వ్ ఒక్క క్షణం తెరిపించి నీళ్ళతో బయటికి కొట్టించాడు. కొత్త స్పిండిల్ ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాశాడు. వంటనూనె గానీ యంత్రాల నూనె గానీ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. చేత్తో బిగించినంత బిగించి, ఆ తర్వాత పానాతో ఒక్క పట్టు. పిడి, స్క్రూ, ఎర్ర బిళ్ళ. గేట్ వాల్వ్ తెరిచాం, గీజర్ కాక్ తెరిచాం. షవర్ విప్పి, కట్టి, నిలబడ్డాం. పది నిమిషాలకు చివరి చుక్క రాలింది. ఆ తర్వాత పెట్టిన మగ్గు ఖాళీగానే ఉంది.

చిన్నమ్మకు పని అయిపోయినట్టే. ప్లంబరన్న మాత్రం సంచి సర్దలేదు.

ఇప్పుడు కింది అమ్మాయి మాట బయటికి తియ్యండి. రాత్రి ఆరినట్టుండి, పొద్దున తొమ్మిదికి ముదురుతుంది. ట్యాంకు నుంచి కాక్ దాకా ఉన్న పైపుల్లో రాత్రీ పగలూ నీటి బరువు ఉంటుంది. అవి పగిలితే మచ్చకు వేళాపాళా ఉండదు. కాక్ తర్వాత పైపు, అంటే టీ నుంచి షవర్ దాకా ఉన్నది, షవర్ విప్పినప్పుడే నిండుగా పారుతుంది. స్నానాల వేళకు మచ్చ పెరుగుతోందంటే దోషి అక్కడైనా ఉండాలి, లేదా స్నానం నీళ్ళు పోయే చోట, నేల అతుకుల్లోనో నాణీ ట్రాప్ చుట్టూనో ఉండాలి. మూడే అనుమానితులు. ఒకేసారి అందరినీ పట్టుకోకూడదు.

షవర్ తల విప్పి చిన్నమ్మకు ఇచ్చాడు. రంధ్రాలన్నీ తెల్లగా పూడి ఉన్నాయి. చింతపండు పెట్టి తోముతానంది. "వెనిగర్‌ల వెయ్యమ్మా, గంటసేపు," అన్నాడు. తల ఉన్నచోట డమ్మీ బిగించాడు. ఇప్పుడు చన్నీళ్ళ కాక్ విప్పితే నీళ్ళకు బయటికి దారి లేదు, గోడలోని పైపంతా ట్యాంకు ఎత్తు బరువుతో నిండి ఊరుకుంటుంది. పది మీటర్ల ఎత్తు నీళ్ళుంటే ఒక కేజీ ప్రెషర్. మన ట్యాంకు షవర్‌కు నాలుగు మీటర్ల పైన, అర కేజీ కూడా లేదు. కొత్త ఇళ్ళలో పైపులు పూడ్చే ముందు చేతిపంపుతో దీనికి పదింతలకు పైగా పెట్టి చూస్తారు, కానీ పాత గోడ ముందు అంత ధైర్యం చెయ్యడం మంచిది కాదు.

కాక్ విప్పారు. వంపు పైపు గోడలోకి దిగే చోట ఉన్న గుండ్రటి బిళ్ళను ముందుకు లాగి, వెనక సందులో ఈనాటి పేపరు ముక్క పొడిగా చుట్టి కూర్చోబెట్టాడు. టార్చి నాకిచ్చాడు. మీరూ తల దగ్గరికి పెట్టి చూడండి. కాగితం పైభాగం పొడిగా ఉంది. పక్కలు పొడి. అడుగున ఒక అక్షరం నల్లబడింది. తర్వాత పక్క అక్షరం. ఐదు నిమిషాల్లో హెడ్డింగు సగం తడిసి, కాగితం కొసన ఒక చుక్క ముద్దగా కూర్చుని, టైలుకు వెనక పక్కగా గోడలోకి జారిపోయింది.

అదీ సంగతి. ముందువైపుకు ఒక్క చుక్క రాలేదు, అంతా టైలు వెనక నుంచి కిందకి. బాత్రూంలో నిలబడ్డవాళ్ళకు ఏడాది నిలబడినా కనిపించదు.

ఎడమ కాక్‌కూ దీనికీ సంబంధం లేదా అంటే పూర్తిగా లేదని కాదు. కాక్ కారినన్నాళ్ళూ ఆ నిలువు పైపు షవర్ ఎత్తు దాకా ఎప్పుడూ నిండే ఉంది, అందుకే ఈ అతుకు రాత్రుళ్ళు కూడా కొంచెం ఊరుతూ, మచ్చను పూర్తిగా ఆరనివ్వలేదు. కానీ కాక్ ఒక్కటే బాగుచేసి వెళ్ళిపోతే రేపటి స్నానాలకే మచ్చ గీత దాటేది. టైల్స్ తీసినా తప్పు చోట తీసేవాళ్ళు, పగుళ్ళు నడుము ఎత్తున వెతికేవాళ్ళు.

కష్టమైన పట్టు ఇప్పుడు. వంపు పైపు బయటికి రావాలి. లోపల ఎల్బో జీఐది, తుప్పు పట్టి ఉంటుంది. బలం పెట్టి తిప్పితే వంపు ఎల్బోలోనే విరగొచ్చు, విరిగితే అప్పుడు నిజంగానే టైలు కొయ్యాలి. నీళ్ళు మళ్ళీ బంద్. తుప్పునూనె వేసి, అన్నం తినే టైము దాకా వదిలేశారు. ఆ మధ్యలో చిన్నమ్మ రెండుసార్లు వచ్చి, వస్తదా బిడ్డా అని అడిగింది. వస్తదమ్మా అన్నాడు, మొహం చూస్తే అంత నమ్మకం లేదు.

గుడ్డ చుట్టి, రెంచి పట్టి, ముందు బిగించే వైపు ఒక జుట్టుమందం. ఆ తర్వాత విప్పే వైపు. కిర్రుమంది. ఆపాడు. మళ్ళీ. కిర్రుమంటూనే పావు చుట్టు తిరిగింది, ఆ తర్వాత అర, ఆ తర్వాత చేత్తో. బయటికొచ్చిన కొస మీద, అతుకు కారకుండా ఎప్పుడో చుట్టిన సన్‌దారం, పూసిన సఫేదా. దారం కుళ్ళి నల్లటి ముద్దయింది. పైపు మాత్రం ఇత్తడిది, మరలు చెక్కుచెదరలేదు. పాతవాళ్ళ సామాను మీద నాకు గుడ్డి భక్తి లేదు గానీ ఈ వంపు విషయంలో ఒక దండం పెట్టొచ్చు.

ఎల్బో లోపల తీగబ్రష్‌తో తుప్పు దులిపాడు. మరల మీద తెల్ల టేపు చుట్టడం మొదలుపెట్టాడు. కొస మీవైపు పెట్టి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి, లేకపోతే బిగిస్తుంటే విడిపోతుంది. ఈ టేపు పదార్థం పుట్టుక కూడా ఇలాంటి ఆరాతోనే. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గ్యాసు సిలిండరు విప్పితే ఏమీ రాలేదు, తూకం చూస్తే బరువు మాత్రం ఉంది. పారెయ్యకుండా కోసి చూస్తే లోపల తెల్లటి మైనంలాంటి పొడి. దానికే తర్వాత టెఫ్లాన్ అని పేరు పెట్టారు.

పదిహేను చుట్లు చుట్టి ఎల్బోలోకి తిప్పాడు. ఇక్కడొక మెలిక. బిగింపు పూర్తయ్యే సమయానికి వంపు సరిగ్గా కిందకి చూడాలి. మొదటిసారి పక్కకి చూస్తూ ఆగింది. ఎవరైనా కాస్త వెనక్కి తిప్పి సరిచేస్తారు, పని పాడయ్యేది అక్కడే. వెనక్కి తిప్పిన టేపు పట్టు వదిలేస్తుంది. ఆయన మొత్తం తీసేసి, టేపు గీకేసి, ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ వేసి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి కిందకి చూస్తూ బిగిసింది.

డమ్మీ, నీళ్ళు, పొడి పేపరు. గంటసేపు. సినిమా పేజీ ఒక్క అక్షరం తడవలేదు. కింద పెన్సిలు గీత లోపలే ఉంది మచ్చ. బిళ్ళ వెనక్కి నెట్టి, చుట్టూ సిలికాన్ పెట్టేటప్పుడు అడుగున వేలెడు మేర వదిలేశాడు. ఎప్పుడైనా మళ్ళీ ఊరితే గోడలోకి పోకుండా బయటికి రావాలి, మనిషి కంటపడాలి. ఈ ఒక్క ఉపాయానికే ఆయనకు ఇంకో టీ ఇవ్వొచ్చు. ఇచ్చారు.

ఇంకో ఇద్దరు అనుమానితులు మిగిలారు. నాణీ ట్రాప్ రంధ్రంలో పాలిథిన్ కవర్లో చుట్టిన గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద గుర్తు పెట్టి, ఒక రోజంతా వదిలేసి కింద చూడాలి. చుట్టాలు దిగే ఇంట్లో రోజంతా బాత్రూం మూసిపెట్టడం అయ్యే పని కాదు. గురువారం చేద్దామన్నాడు. నిజానికి రేపు ఇరవై మంది చేసే స్నానాల కన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది అని నేను పైకి అనలేదు.

వెనిగర్లోంచి తీసిన షవర్ తల తెల్లబడింది, సూదితో పొడిస్తే సున్నం పెంకులు పెంకులుగా ఊడింది. బిగించి విప్పితే ఎన్నేళ్ళకో అన్ని రంధ్రాల్లోంచీ నీళ్ళు. కింది అమ్మాయి కూడా పైకొచ్చి చూసింది, చూసి అసలు విషయానికి వచ్చింది.

"ఆంటీ, మరి మా సీలింగుకు సున్నం ఎప్పుడు వేయిస్తరు? రేపు మావాళ్ళు కూడా వస్తున్నరు."

"ఇప్పుడెయ్యద్దక్కా," అన్నాడు ప్లంబరు, చిన్నమ్మ నోరు విప్పకముందే. "లోపల తడి అట్లనే ఉంటది. వానలు వొయ్యి గోడ ఆరాలె. ఇప్పుడేస్తే పెచ్చులు లేస్తది."

"దసరాకు ఏపిస్త," అంది చిన్నమ్మ. "అప్పటిదాంక ఆ క్యాలెండరు జర పక్కకు జరుపుకో."

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది. ప్లంబరన్న పానాలు తుడిచి సంచిలో వేసుకున్నాడు, పాత స్పిండిల్ కూడా వాటితో పాటు వెయ్యబోయాడు.

"అది ఇటియ్యి బిడ్డా. ఇత్తడి."

"అరిగిపోయిందమ్మా, దేనికి పనికొస్తది?"

"నీకు దేనికి పనికొస్తదో నాకూ దానికే పనికొస్తది," అంది.